పేరు చదివి ఆగే టీచరమ్మ

పోయిన నెల సంత రోజు పొద్దున్నే కొట్టు తలుపులు తీస్తుంటే నూకమ్మ వచ్చి, "బాబూ, టీచరమ్మ ఎలిపోనారు" అంది. ఎక్కడికని అడిగాను. ఈ వయసులోనూ నా బుర్ర అలాగే పనిచేస్తుంది. నూకమ్మ గుమ్మం దగ్గర కూలబడింది. గుండెల్లో నొప్పి అన్నారట, నరసన్నపేట ఆసుపత్రికి పోదామని ఆటో పిలిచేలోపే అయిపోయిందట.

ఆవిడ మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ. మాది సముద్రం ఒడ్డు ఊరు. వేటకు వెళ్లే కుటుంబాల మధ్య మాదొక్కటే షావుకారు ఇల్లు. టీచరమ్మది పాతపట్నం అవతల. ఇంట్లో మాట ఒడియా. ఆవిడ చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. కోపం వస్తే ఒడియాలో తిట్టేవారు. తిట్లు ఎవరికీ అర్థమయ్యేవి కావు కనుక ఎవరికీ కోపం వచ్చేది కాదు.

పిల్లల పనితోపాటు ఓటరు లిస్టు పని కూడా ఆవిడదే. ఏటా కొత్త లిస్టు రాగానే మిగతా ఊళ్లలో గోడకంటించి చేతులు దులుపుకునేవారు. ఈవిడ మాత్రం సాయంత్రం వేటగాళ్లు వచ్చే వేళకి బడి వరండాలో ఊరందరినీ కూర్చోబెట్టి, మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా పైకి చదివేవారు. "ఎందుకమ్మా ఈ గోల?" అని ఒకసారి అడిగాను.

"గోడకి అంటిస్తే సదువుకున్నోల లిస్టు బాబూ. సదివితే అందరిదీ" అన్నారు. తర్వాత నవ్వి, "సూడు, నీ పేరూ, నూకమ్మ పేరూ, నా పేరూ ఒకే సైజు అచ్చరాలు. ఇంకెక్కడున్నాది ఇలాగ?" అన్నారు.

ఆ చదువులో ఒక వింత ఉండేది. సముద్రంలో పోయి, శవం దొరకని మగవాళ్ల పేర్లు నాలుగు ఆ లిస్టులో ఉండేవి. శవం లేకపోతే మరణ పత్రం లేదు. ఆ పేరు రాగానే ఆవిడ ఆగి, తలెత్తి, సముద్రం వైపు చూసేవారు. ఒక్క ఊపిరి అంతసేపు. ఆవిడతోపాటు జనమంతా ఆగేవారు. కెరటాల మోత తప్ప ఏమీ వినిపించేది కాదు. ఎవరో జవాబిస్తారని నిజంగానే ఎదురుచూస్తున్నట్టు ఉండేది.

ఆ నాలుగు పేర్లలో ఒకటి ఎర్రయ్య, నూకమ్మ మొగుడు. వాయుగుండం రోజు వేటకు వెళ్లాడు. మూడో రోజు పక్క ఊరి ఒడ్డుకు తెప్ప ఒక్కటే వచ్చింది. నూకమ్మ బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. టీచరమ్మ పేరు చదివి ఆగి, "మీ ఇంటాయన?" అని అడిగితే, "ఉన్నాడు" అనేది. మొగుడి పేరు నోటితో పలకడం మా వైపు ఆడవాళ్లకి అలవాటు లేదు. "మా గుంటడి బాబు", అంటే మా కుర్రాడి నాన్న, అనేది, అంతే.

పైనుంచి వచ్చిన ఆఫీసరొకాయన, "లేనివాళ్ల పేర్లు ఎందుకుంచారు?" అని గదమాయించాడు. "పేరు కొట్టీడానికి నా పెన్ను సాలదు సార్. ఆ ఇంటోల నోరు కావాల" అన్నారు టీచరమ్మ. ఆయన ఏదో గొణిగి జీపెక్కాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆవిడని తలుచుకునే అర్హత నాకు లేదు.

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది ఎన్నికల్లో నేనొక పార్టీకి పోలింగు ఏజెంటుని. ముందురోజు మా కొట్టులో కూర్చుని ఓటు చీటీలు రాస్తుంటే పార్టీ పెద్ద ఒకాయన వచ్చి, "ఆ నలుగురివీ కూడా రాసీ. టీచరమ్మే మనకోసం ఉంచినట్టుంది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. రాశాను.

మర్నాడు పోలింగ్ బూత్‌లో, లిస్టు పట్టుకున్న ఆఫీసరు ఒక చీటీ అందుకుని గట్టిగా చదివాడు: "కొమర ఎర్రయ్య!"

"ఆ" అంది ఒక మగ గొంతు.

ఒక్కసారిగా బయట రెండు వరసలూ మాటలు ఆపేశాయి. చీటీ రాసిన నాకే, ఒక్క క్షణం, వచ్చాడేమో అనిపించింది.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి నూకమ్మ పరిగెత్తుకొచ్చింది. కోపంతో కాదు. ముఖమంతా వెలుగు. "ఎర్రయ్యా!" అని అరుస్తూ వచ్చింది. పెళ్లయిన నాటినుంచీ పలకని పేరు అది. గుమ్మంలో నిలబడి, చీటీ పట్టుకున్న కుర్రాణ్ణి చూసింది. ఎవడో పై ఊరివాడు. వాడు తల దించుకున్నాడు. ఆమె ముఖంలో వెలుగు ఆరిపోవడం నేను చూశాను. దాన్ని మరిచిపోదామని చాలా ప్రయత్నించాను, కుదరలేదు.

బయట ఓటరు లిస్టుతో బల్ల దగ్గరున్న టీచరమ్మ గుమ్మం దాకా వచ్చారు. లోపలికి అడుగు పెట్టలేదు. నన్నే చూశారు.

"నువ్వెరగవా బాబూ ఆడ్ని?"

పక్కన కూర్చున్న మా పార్టీవాడు నా కాలు తొక్కాడు. "ఇతను ఎర్రయ్య కాదండి. ఆ చీటీ నేనే రాశాను" అన్నాను. తర్వాత జరగాల్సిన గొడవంతా జరిగింది. నన్ను బూత్‌లోంచి పంపేశారు.

సాయంత్రం ఆవిడ కొట్టుకి వచ్చారు. తిట్టలేదు, ఒడియాలో కూడా. "నాను ఆ పేర్లు ఉంచినాను. నువ్వు వాడీసినావు. ఇద్దరం కలిసే ఆ పిల్లని ఏడిపించినాం" అన్నారు. ఆ "ఇద్దరం" నాకు చెంపదెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

ఆ ఏడాది లిస్టు చదువులో ఎర్రయ్య పేరు దగ్గర ఆవిడ ఆగితే నూకమ్మ లేచి నిలబడింది. "మా గుంటడి బాబు ఇంక నేడమ్మా. కొట్టీండి. ఆడి పేరుకి ఇంకొకడు పలికితే నాను ఇనలేను" అంది. టీచరమ్మ సంచిలోంచి చెక్క స్కేలు తీసి, ఎర్ర సిరాతో, మెల్లగా గీత గీశారు. ఆ స్కేలు నూకమ్మ చేతికిచ్చి, "నీ కాడే ఉండనీ. మిగిలిన ముగ్గురి గీతలూ ఆల ఇంటోలు అడిగినప్పుడే గీద్దాం" అన్నారు.

మొన్న ఆదివారం మళ్లీ లిస్టు చదివారు. కొత్త టీచరు కొత్తవలస అమ్మాయి, చిన్నది, గబగబా చదువుతోంది. ఒక పేరు చదివి, "ఈవిడ ఉన్నారాండీ?" అంది.

అది టీచరమ్మ పేరు.

ఆ ఇంట్లో చెప్పడానికి ఎవరూ లేరు కదా. "ఆ ఇంటోల నోరు కావాల" అన్న మాట గుర్తొచ్చింది. నూకమ్మ నా వైపు తిరిగింది, ఆ ఎన్నికల రోజు గుమ్మంలోంచి టీచరమ్మ చూసినట్టే. నేను లేచాను.

"లేరండి" అన్నాను. ఇంత చిన్న మాటకి ఏడుపొస్తుందని నాకు తెలీదు.

కొత్త టీచరు వట్టి చేత్తో గీత గియ్యబోయింది. "ఆగమ్మా, వంకర పోతాది" అని నూకమ్మ కొంగులోంచి చెక్క స్కేలు తీసి ఇచ్చింది. గీత అయింది. ఎవరూ చెప్పకుండానే జనమంతా ఆగారు, ఒక్క ఊపిరి అంతసేపు, సముద్రం వైపు చూస్తూ.

వెనక ఖాళీగా ఉన్న పిల్లల గదిలోంచి, మూసిన తలుపుల అవతల, "ఆ" అని ఒక ఆడ గొంతు పలికినట్టయింది. నాకొక్కడికే అనిపించిందనుకున్నాను. చూస్తే నూకమ్మ కూడా అటే తల తిప్పి ఉంది.