దర్భలకు వడ్డించిన ఇల్లు

పక్కింట్లో గారెలు వేగుతున్నాయి. మినప్పిండి, మిరియాలు, కాగిన నెయ్యి. ఆ వాసన పిట్టగోడ దాటి నా గదిలోకి వచ్చి కూర్చుంది. ఇంకెవరికైనా నోరూరుతుంది, నాకు ఒళ్ళు మండుతుంది. ఇవాళ పక్కింటి పెద్ద అవధానిగారి తద్దినం. పెట్టేది ఆయన మనవడు. లండన్ వెళ్ళి బారిస్టరు చదువు చదివి మొన్నమొన్ననే ఓడ దిగాడు. వీధిమొదట్లో మెడనిండా దండలు వేశారు, సన్నాయి మేళంతో ఇంటిదాకా తీసుకొచ్చారు. ఆ మేళం వెనక నడిచిన పెద్దమనుషుల్లో ఒకప్పుడు మా విశ్వపతి మాస్టారి గడప తొక్కకూడదని కట్టుబాటు చేసినవాళ్ళున్నారు, వాళ్ళ కొడుకులున్నారు. అందరూ మరిచిపోయారు. నాకు మరపు రాదు. మాస్టారిని ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను, కోపంతోనే రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామనుకుంటే ఈ జన్మకు కుదిరేట్టు లేదు.

నాకు తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. పాలకొల్లు నుంచి కాలవ పడవలో రాజమహేంద్రవరం వచ్చి, వారాలు చేసుకుని చదువుకున్నాను. అంటే రోజుకొక ఇంట్లో భోజనం. ఆదివారం అవధానిగారిల్లు. అక్కడ వసారా చివర, చెప్పులు విడిచేచోటికి దగ్గరగా నాకు ఆకు వేసేవాళ్ళు. బుధవారం మాస్టారిల్లు. కాలేజీలో ప్రకృతిశాస్త్రం చెప్పే మాస్టారు తన పీట పక్కనే నాకూ పీట వేయించేవారు. ఆయన భార్య కామాక్షమ్మ గారిని నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. "నెయ్యి వేయించుకో నాయనా, అన్నం దగ్గర మొహమాటపడితే చదువు దగ్గరా మొహమాటపడతావు" అని వద్దంటున్నా వినకుండా వడ్డించేవారు. వారంలో మిగిలిన రోజులన్నీ ఆ బుధవారం కోసం గడిచేవి.

మాస్టారి చదువు ఒక తీరు. ఒకరోజు క్లాసులో "కప్పకు పళ్ళుంటాయా?" అని అడిగారు. ఉండవని ఠక్కున చెప్పాను.

"చూశావుట్రా?"

"లేదండి. మా అమ్మమ్మ చెప్పిందండి."

"అయితే మార్కులు మీ అమ్మమ్మకి వేస్తాను. నువ్వు వెళ్ళి చూసి చెప్పు."

కాలవగట్టున బురదలో పొర్లి ఒక కప్పను పట్టుకుని నోరు తెరిచి వేలు పెట్టాను. పైదవడ అంచున ఇసక రేణువుల్లాంటి పళ్ళు గరగరా తగిలాయి. ఆ బురద బట్టలతోనే పరుగెత్తి వెళ్ళి చెప్పాను. ఆయన మెచ్చుకోలేదు. "ఇప్పుడు నీకు తెలిసింది. ఇందాక నీకు వినబడింది, అంతే" అన్నారు. ఇంత శాస్త్రం చెప్పే మనిషీ త్రికాలాలూ సంధ్య వార్చేవారు, మడి కట్టుకోకుండా మెతుకు ముట్టేవారు కారు, తండ్రి తద్దినం కళ్ళకద్దుకుని పెట్టేవారు. ఆయన్ని నాస్తికుడనీ, దొరల మనిషనీ తర్వాత ఊరంతా ఊదరగొట్టినవాళ్ళ నోళ్ళు పడిపోను! ఆయనకున్న నిష్ఠలో వాళ్ళలో ఒక్కడికి పావువంతు లేదు.

మద్రాసులో వైద్యం చదివి పట్టా పుచ్చుకుని వచ్చాక, ఇక్కడే ఆస్పత్రిలో కుదురుకుందామనుకున్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. ఆ దంపతులకు పుట్టిన ఒక్క బిడ్డా కలరాలో పోయింది. "ఎందుకు పోయిందని అడిగితే ఒకడు గాలన్నాడు, ఒకడు గ్రహమన్నాడు, దొర డాక్టరు తెలియదన్నాడు. తెలియదన్నవాడే కాస్త నయం. చూసి చెప్పేవాడు ఈ గోదారి గట్టుకు ఒకడు కావాలిరా సుబ్బారాయుడూ. ఎడింబరో వెళ్ళి పైచదువు చదువు" అన్నారు. ఒక జమీందారుగారిని ఖర్చు పెట్టుకునేందుకు ఒప్పించిందీ ఆయనే.

గుట్టుగా పంపేస్తే ఏ గొడవా ఉండేది కాదు. చాలామంది అలాగే వెళ్ళారు, కాశీయాత్ర అని చెప్పి. మాస్టారికి అది నచ్చలేదు. పెద్దలు శాస్త్రం తెలిసినవాళ్ళు, న్యాయంగా వాదిస్తే న్యాయంగా వింటారని నమ్మారు. అదే ఆయన చేసిన పొరపాటు. అవధానిగారి అరుగు మీద పదిమందీ కూర్చున్నచోటికి నన్ను వెంటబెట్టుకు వెళ్ళి, కుర్రవాడు చదువుకు వెళుతున్నాడు, మీ అనుమతి కావాలన్నారు.

"సముద్రయానం పనికిరాదు" అన్నారు అవధానిగారు, పొడుం పీలుస్తూ.

"మీ అల్లుడుగారు కోరంగిలో ఓడెక్కి రంగూను వెళ్ళి గుమాస్తా పని చేసుకుంటున్నారు కదండీ?"

"రంగూను ఓడ ఒడ్డు పట్టుకుని పోతుందయ్యా. ఒడ్డు కంటికి ఆనుతున్నంతసేపూ సముద్రయానం కింద లెక్క కాదు."

"ఆనడం తమరు చూశారా అండీ?"

"నేను చూడడమేంటి? మా అల్లుడు చెప్పాడు."

మాస్టారు చేతులు జోడించారు. "తమరు ఒక్కసారి ఆ ఓడెక్కి, నడిసముద్రంలో ఒడ్డు ఎక్కడుందో చూసి చెప్పండి. కనబడిందంటే వీణ్ణి ఇక్కడే ఆపేస్తాను."

అరుగు చివర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అవధానిగారి గుండెల్లో గుచ్చుకుంది. శాస్త్రం ఎటు పోయినా ఆయన బాధపడేవారు కారు. పదిమందిలో నవ్వులపాలైనందుకు పగబట్టారు. అనుమతి లేదన్నారు. "నేను అడగవలసింది అడిగాను, మీరు చెప్పవలసిన కారణం మాత్రం చెప్పలేదు" అని మాస్టారు లేచి వచ్చేశారు. నేను కాకినాడలో స్టీమరెక్కాను.

ఎడింబరోలో చలి ఎముకల్లో దూరేది. ఉడికించిన బంగాళాదుంపలూ, రొట్టే, పిన్నిగారు జాడీకెత్తి ఇచ్చిన మాగాయా నా తిండి. మాగాయ వాసనకు ఇంటి యజమానురాలు కిటికీలన్నీ తెరిచేసేది. ఆ చలిలో ఆ కిటికీల ముందు కూర్చుని తినేవాణ్ణి. పాఠం చెప్పే దొర మొదట్లో నన్ను వెనకబల్ల మీద కూర్చోబెట్టి, "మీ దేశంలో బట్టీ బాగా పడతారట కదా" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు మూసుకుని సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టాను. పుస్తకంలో ఉన్నదానికీ గాజుపలక మీద కనిపించినదానికీ తేడా వస్తే, కనిపించిందే చెప్పాను. ఒకటి రెండుసార్లు దొర తానూ వంగి చూసి గొంతు సవరించుకున్నాడు. తర్వాత ముందుబల్లకు రమ్మన్నాడు. అక్కడ నన్ను నిలబెట్టింది కప్ప నోట్లో పెట్టిన ఆ వేలే. మాస్టారి దగ్గరనుంచి వచ్చే ఉత్తరాల్లో మామిడిపూత గురించి, గోదారి పోటు గురించి, కాలేజీ కుర్రాళ్ళ అల్లరి గురించి ఉండేది. అంతా క్షేమం అనే రాసేవారు.

చదువు ముగించుకుని వచ్చి మాస్టారి గుమ్మంలో నిలబడితే లోపలినుంచి ఒక ముసలి సన్యాసి వచ్చాడు. గుండెలదాకా గడ్డం, మాసిన పంచె. గొంతు విన్నాకగాని పోల్చుకోలేదు.

"ఏంటండీ ఈ గడ్డం?"

"దీక్షరా" అన్నారు మాస్టారు నవ్వుతూ.

"దీక్షా లేదు, పాడూ లేదు!" పిన్నిగారు లోపలినుంచి విసురుగా వచ్చారు. "ఆయన చెప్పరు, నన్ను చెప్పనివ్వరు. మంగలి రాడు నాయనా. చాకలి రాడు. పురోహితుడు మా గుమ్మం ఎక్కడు. నోములకు పిలుపు లేదు, పేరంటానికి పిలుపు లేదు. నిన్ను వెలివేద్దామంటే నువ్వు చేతికందవుగా! అందుకని పంపిన ఈయన్ని వేశారు. చేసినవాడికెంత పాపమో చేయించినవాడికీ అంతేట."

తప్పయిందని మాస్టారు ఒక్కమాట అంటే చాలట, వెలి ఎత్తేస్తామని కబురు మీద కబురు పంపారట. "అననా? అంటాను. ఏం తప్పో చూపించమనరా" అన్నారు మాస్టారు. సర్కారు కాలేజీ కనక ఉద్యోగం ఉంది. పగలంతా కుర్రాళ్ళకు పాఠం చెప్పి, సాయంత్రం వచ్చి తన పంచె తానే ఉతుక్కునేవారు. ఉత్తరాల్లో మామిడిపూత! నాకు ఊరి మీద ఎంత కోపం వచ్చిందో, ఆయన మీదా అంత కోపం వచ్చింది. "నాకు తెలియజెయ్యద్దుటండీ?" అని అరిచాను. "తెలిస్తే చదువు మానేసి వచ్చేవాడివి" అన్నారు, అంతే.

రెండోరోజు అవధానిగారి నుంచి కబురొచ్చింది. వెళ్ళాను. నన్ను అరుగు కిందనే నిలబెట్టి, ఎంతో దయగా మాట్లాడారు. "చూడు నాయనా, ఊరికి డాక్టరు అవసరం. ప్రాయశ్చిత్తం చేసుకో, పంచగవ్యం పుచ్చుకో, నిన్ను కలుపుకుంటాం. అయితే పరిషత్తు ముందు ఒక్క ముక్క అనాలి. విశ్వపతి మాట విని చెడ్డానను. చాలు."

"అంటే ఆయన వెలి అలాగే ఉంటుందా అండీ?"

"ఆయన సంగతి నీకెందుకు? నీ మంచి చూసుకో."

"నేను చెడ్డానని ఎవరు చూశారండీ?" అన్నాను. నా గొంతు వీధి చివరిదాకా వినబడింది. "మీ ఇంట్లో ఆదివారాలు చెప్పుల దగ్గర కూర్చుని తిన్నాను. మాస్టారింట్లో మనిషిలా తిన్నాను. ఆ మాట కావాలంటే పరిషత్తు ముందు చెబుతాను, పిలవండి." వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. నిప్పులు కడిగే వంశాలట! నిప్పులైతే కడిగారేమో, మనసులు కడుక్కున్న జాడ లేదు.

తెల్లవారితే మాస్టారి తండ్రిగారి తద్దినం. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఇల్లంతా గారెల వాసన. రెండు పీటలు, రెండు అరిటాకులు. భోక్తలు లేరు. ఆ ఇంట కూర్చుని తినడానికి ఏ బ్రాహ్మడూ రాడు కదా. ఒక్కో పీట మీద ఒక్కో దర్భకట్ట నిలబెట్టి ఉంది. మాస్టారు తానే మంత్రం చెప్పుకుంటూ, ఆ గడ్డిపరకలను "దయచేయండి" అని ఆహ్వానిస్తున్నారు. పిన్నిగారు వాటి ముందు గారెలు వడ్డించడానికి పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. నేను లేనన్నాళ్ళూ ఇలాగే జరిగిందట. తిన్నదీ లేదు, తృప్తి అన్నదీ లేదు, వంటంతా గోదాట్లో కలిపేవారట. ఆ దృశ్యం చూసి నేను ఏడవలేదు, నాకు పళ్ళు కొరుక్కునేంత కోపం వచ్చింది.

"నేను కూర్చుంటానండీ" అన్నాను.

మాస్టారు మంత్రం ఆపేశారు. నాకు ప్రాయశ్చిత్తం కాలేదు. ఊరి లెక్కన నేను మైలపడ్డవాణ్ణి. కూర్చోవలసింది ఆయన తండ్రి స్థానంలో. అరుగు మీద పదిమందితో వాదించడం వేరు, కన్నతండ్రి పిండం దగ్గర ఆ మాట నిలబెట్టుకోవడం వేరు. సందేహించారంటే అవధాని అన్నదే నిజమని ఆయన మనసు ఒప్పుకున్నట్టే. పిన్నిగారు పళ్ళెం దించలేదు.

మాస్టారు ఒక పీట మీది దర్భకట్ట తీసి పక్కన పెట్టారు. చెంబూ పళ్ళెమూ పట్టుకుని నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. తద్దినంలో కర్త భోక్త కాళ్ళు కడగాలి. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చి నాలుగడుగులు వెనక్కి వేశాను.

"మీరు నా కాళ్ళు కడగడమేంటండీ! నాకు పాపం చుట్టుకుంటుంది."

"ఈ పూట నువ్వు మా నాన్నవిరా. కదలకుండా నుంచో."

కడిగారు. వేళ్ళ సందుల్లోకి నీళ్ళు పోసి, మడమలు రుద్ది, నిదానంగా కడిగారు. గడ్డం నా పాదాలకు తగులుతోంది. కడిగి, తుడిచి, తలెత్తి నా మొహంలోకి చూశారు.

"చూశానురా సుబ్బారాయుడూ. సముద్రం మరక ఎక్కడా లేదు."

ఆ పూట నేను తిన్న గారెలు ఎలా ఉన్నాయో చెప్పలేను. పక్కన రెండో ఆకు ముందు దర్భలే ఉన్నాయి. పిన్నిగారు నెయ్యి వేస్తుంటే వద్దనలేదు.

నేను ప్రాయశ్చిత్తం చేసుకోలేదు. మాస్టారు వెలిలోనే పోయారు. ఆయన పాడె మోసింది నేనూ, కాలేజీలో ఆయన దగ్గర చదువుకున్న ముగ్గురూ. వాళ్ళలో ఒకడు కిరస్తానీ, లూథరన్ బడి పంతులు. ఆ రోజు ఈ వీధి తలుపులన్నీ మూసి ఉన్నాయి. పిన్నిగారు పోయేవరకూ నా దగ్గరే ఉన్నారు. మాస్టారి ఈ ఇల్లు నాకే వదిలారు. అవధానిగారికి వీపు మీద రాచపుండు లేస్తే మాత్రం చీకటిపడ్డాక దొడ్డిదారిన నా దగ్గరికి వచ్చారు. కోసి, కట్టుకట్టి బతికించాను. నా చేతి కత్తి పనికొచ్చింది గాని, దాహమేసినప్పుడు నా ఇంటి మంచినీళ్ళు పనికిరాలేదు.

ఇక్కడిదాకా రాసేసరికి తలుపు చప్పుడైంది. పక్కింటి బారిస్టరు కుర్రాడు. తడిపంచెతో, చెమటలు కక్కుతూ ఉన్నాడు.

"డాక్టరుగారూ, చచ్చేంత ఇబ్బందొచ్చి పడిందండీ. రెండో భోక్తకు జ్వరమట, రానన్నాడు. పొద్దెక్కిపోతోంది. తమరు దయచేసి వచ్చి కూర్చోవాలి."

"నేను ప్రాయశ్చిత్తం చేసుకోలేదు. తెలుసా?"

"అయ్యో, ఇప్పుడవన్నీ ఎవరు పట్టించుకుంటున్నారండీ! రండి, తమరి కాళ్ళు నేనే కడుగుతాను."

కుర్రాడు మంచివాడే. వాడికేం తెలుసు! కలం పక్కన పెట్టాను.

"నా కాళ్ళు మా మాస్టారు కడిగేశారు నాయనా. మళ్ళీ ఒకరు కడగనక్కర్లేదు."

"మరి రెండో ఆకు ఎలాగండీ?"

"దర్భలున్నాయిగా. కట్ట కట్టి పీట మీద నిలబెట్టు, దయచేయండని పిలిచి గారెలు వడ్డించు. మీ తాతగారు మా మాస్టారికి మిగిల్చిన భోక్తలు అవే. గడ్డిపరకకు అన్నం పెడితే ఎలా ఉంటుందో చూసి, వచ్చి నాకు చెప్పు."