పంతులు గారి దవడ

రాజోలు నుంచి రోజూ అమలాపురం బస్సెక్కి ఆసుపత్రికొచ్చే డాక్టర్ ఏంజెల్ వేళ్లు ఊరికే ఉండవు. దవడల సర్జరీలో పీజీ చేస్తోంది. విరిగిన దవడ అతుక్కునేదాకా పైపళ్లనీ కిందిపళ్లనీ కలిపి సన్నటి తీగతో బిగించడం ఆమె పని. ఆ మెలి పట్టుబడాలని ఇంట్లో చీపురుకీ, బ్యాగు జిప్పుకీ, గేటుకీ తీగ చుట్టేస్తుంది. "పళ్ల డాక్టరువా అమ్మా?" అని చుట్టాలడిగితే, "డాక్టరుకి తక్కువ, కంచె కట్టేవాళ్లకి ఎక్కువండి" అంటుంది. ఆమె కట్టినవి తెల్లారేసరికి వదులైపోతున్నాయని ప్రొఫెసరు గారి బాధ.

బైకు మీంచి పడి దవడ విరగ్గొట్టుకున్న పురోహితులు శరభయ్య గారికి మొన్న ఆమే తీగ బిగించింది. మర్నాడు రౌండ్సులో, ప్రొఫెసరు గారి ఎదుటే, టార్చి వేసి అలవాటు కొద్దీ "నోరు బాగా తెరవండి పంతులు గారూ" అంది. పక్కనున్న నర్సు తల దించేసుకుంది. పంతులు గారు మాత్రం డాక్టరమ్మ మాట తీసెయ్యలేక, పళ్ల సందులోంచే "ఆయ్" అని, మెడనరాలు పొంగేలా ప్రయత్నించేరు. తీగ ఇసుమంతైనా కదల్లేదు. ప్రొఫెసరు గారు వంగి చూసి, తల పంకించి పక్క మంచానికి వెళ్లిపోయేరు.

ఏంజెల్ ఈ సంగతి అందరికీ తనే చెప్పుకుంటుంది. "ఇన్నాళ్ల నా చదువుకి సర్టిఫికెట్టు, పంతులు గారి మెడనరాలేనండి."