నిన్నటిని ఇవాళగా చూపిన డ్రైవ్

మా తమ్ముడి కూతురి మొదటి గెలుపు, అందరూ మెచ్చుకున్న ఒక డ్రైవ్ అబద్ధాన్ని బయటపెట్టడం. డ్రైవ్ అంటే బొటనవేలంత పలక. కంప్యూటర్ జ్ఞాపకమంతా అందులోనే ఉంటుంది. తిరిగే చక్రం ఉండదు, చప్పుడు ఉండదు. అది ఎంత వేగంగా రాస్తుందో, ఎంత వేగంగా చదువుతుందో పరీక్షించి చెప్పడమే మా అమ్మాయి ఉద్యోగం. ఆ పలక వేగం చూసి ఆఫీసంతా నోరెళ్లబెట్టింది. ఈమె మాత్రం, "లోపల ఏమీ లేదుగా! ఖాళీ గదిలో వెతికి లేదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?" అంది. చాన్నాళ్లు ఎవరూ చెవిన పెట్టలేదు. చివరికి దాన్ని అంచుల దాకా నింపి చూపించింది. వేగం సగానికి సగం పడిపోయింది. అప్పటినుంచి ఆఫీసులో ఆమె పేరు అనుమానం మేడమ్.

నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ని. అయినా ఆమె గొప్పలు వరసగా ఒప్పజెప్పగలను. వేడెక్కితే నీరసించే డ్రైవ్‌ను పట్టుకుంది. బయట ఒక పేరు, లోపల ఇంకో సరుకు ఉన్న డ్రైవ్‌ను పట్టుకుంది. ఇప్పుడు ఆమె సంతకం లేనిదే ఆఫీసు నుంచి ఒక్క పలక కూడా కదలదు. ఆఫీసువాళ్లు మా ఇంట్లోనే ఒక గదిని పరీక్షల గది చేసి ఇచ్చారు. ఇవన్నీ వాళ్ల నాన్న చెప్పుకోవలసినవి. నా తమ్ముడు నిరుడు పోయాడు, అందుకని నేను చెబుతున్నాను.

ఆమెకు ఒక అలవాటుంది. పరీక్షకు ముందు ప్రతి డ్రైవ్‌నూ మా వీధి తలుపు మీది కెమెరా తీసిన పాత వీడియోలతో నింపుతుంది. నిండిన కడుపుతో పరుగెత్తిస్తేనే అసలు సత్తా తెలుస్తుందంటుంది.

ఈమధ్య ఒక చిన్న డ్రైవ్ వచ్చింది. కొండను తొలిచి సొరంగం వేస్తున్న చోట, ద్వారం దగ్గరి కెమెరా పెట్టెలో పెట్టే రకం. రాయి పేల్చే ముందు, లోపలి వాళ్లంతా బయటికి వచ్చారో లేదో కాపలాదారు ఆ వీడియోలో చూసుకుంటాడు. ఆమె భర్త, మా అల్లుడు, పనిచేసేది అక్కడే. మొదటి విడత డ్రైవ్‌లు తొందరలో పరీక్ష కాకుండానే అక్కడికి వెళ్లిపోయాయి. రెండో విడతకు మేనేజరు సంతకం అడుగుతున్నాడు.

"వేగం బాగుందిగా మేడమ్, ఇంకేం అనుమానం?"

"నడుస్తుండగా కరెంటు పోతే ఏం చేస్తుందో చూడనివ్వండి సార్."

ఆ మధ్యాహ్నం నేను ఆమె పక్కనే కుర్చీలో కూర్చున్నాను. ఆ డ్రైవ్‌ను మా కెమెరా పెట్టెకే తగిలించింది. అది రాస్తూ ఉండగా వైరు లాగేసింది. మళ్లీ పెట్టి, గడిచిన గంట చూపించమంది. తెర మీద మా వీధి తలుపు కనిపించింది. పైన ఇవాళ్టి తేదీ ఉంది. తలుపు తెరుచుకుంది. భుజాన తువ్వాలుతో నేను బయటికి వచ్చాను. నా వెనకాలే మా తమ్ముడు వచ్చాడు. గోడకు చెయ్యి ఆనించి చెప్పులు తొడుక్కున్నాడు.

"పెదనాన్నా, ఇందాక బయటికి వెళ్లావా?"

"నీ పక్కనే కూర్చున్నాగా తల్లీ!"

ఆమె నా చెయ్యి పట్టుకుంది. తెర మీది తేదీ మళ్లీ చూసి, "ఎక్కడిదాకా రాసిందో కరెంటు పోగానే దీనికి తెలియడం లేదు. తెలీదని చెప్పొచ్చుగా? పాతరోజు ఒకటి తీసి ఇచ్చేస్తోంది. పెట్టె దానికి ఇవాళ్టి తేదీ అంటిస్తోంది," అంది.

మళ్లీ వైరు లాగింది. మళ్లీ మా తమ్ముడే వచ్చాడు. ఈసారి తలెత్తి కెమెరా వైపు చూశాడు. ఆ చూపు ఎప్పటిదో పాతదని నాకు తెలుసు. అయినా కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

ఆమె ఫోను అందుకుంది. అల్లుడి ఫోను పలకలేదు. సొరంగం కాపలాదారుకు చేసింది.

"అన్నా, అక్కడ ఇవాళ కరెంటు పోయిందా?"

"ఇందాకే పోయి వచ్చిందమ్మా. ఇక పేల్చడమే."

"మా ఆయన బయటికొచ్చారా?"

"అందరూ వచ్చేశారు. ఇప్పుడే తెర మీద చూశాగా."

"తెర మీద కాదన్నా. కళ్లతో చూశావా?"

"లేదమ్మా, ఈ తెర ముందే ఉన్నాను."

"పేల్చొద్దని చెప్పు. లోపలికి వెళ్లి కేక వెయ్యి. ఫోను పెట్టెయ్యకు."

ఫోనులో అడుగుల చప్పుడు. తర్వాత ఆయన పిలిచిన పిలుపు బోలుగా తిరిగి వచ్చింది. మళ్లీ పిలిచాడు. మళ్లీ అదే గొంతు తిరిగి వచ్చింది. మూడోసారి వచ్చిన గొంతు ఆయనది కాదు.

"ఏంటన్నా ఆ అరుపులు? కొంప అంటుకుందా? వైర్లు సర్దుకుని వస్తున్నాంగా!"

మా అల్లుడు. వెంట ఇంకొకడు కూడా ఉన్నాడు.

కాపలాదారు ద్వారం దగ్గరికి తిరిగొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, మీ ఆయన నా పక్కనే ఉన్నారు. తెర మీద మాత్రం అదిగో, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు."

"ఏం చొక్కా వేసుకున్నాడు?" అని మా అల్లుడు అడగడం వినిపించింది.

మేనేజరు ఆ సాయంత్రమే సొరంగం వాళ్లకు చెప్పి పేల్చే పని ఆపించాడు. "డ్రైవ్‌లు వాళ్లనే ఊడదీసి పంపమందామా మేడమ్?" అన్నాడు.

"తీసేశామంటే నేను నమ్మాలిగా సార్!"

"మీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు," అన్నాడతను.

మర్నాడే ప్రయాణమైంది. అక్కడ ప్రతి పెట్టెనూ తనే విప్పుతుంది. కొత్త డ్రైవ్‌లు నింపి, నడుస్తుండగా కరెంటు లాగి, అవి నిజం చెప్పేదాకా ద్వారం దగ్గర తనే నిలబడి వచ్చేవాళ్ల మొహాలు చూస్తానంది. ఆ పలక ఇంకా ఆమె గదిలో బల్ల మీదే ఉంది. నేను ఆ గది తలుపు తీయలేదు. పని పూర్తిచేసి అల్లుణ్ని వెంటబెట్టుకుని వస్తానని నిన్న ఫోను చేసింది. వచ్చేది వచ్చే నెల పదకొండో తేదీ, బుధవారం.