చిన్నత్తకు పడిన రంగు

మా చిన్నత్తను తలుచుకుంటే ముంజేతిని నిమురుకునే ఆమె బొటనవేలే ముందు గుర్తొస్తుంది.

పుట్టుకతోనే ఆమెకు ఒళ్లూ, జుట్టూ, కనురెప్పలూ సున్నం కొట్టినట్టు తెలుపు. ఎండ తగిలితే రంగు వస్తుందని నానమ్మకు ఎవరు చెప్పారో గానీ, వాళ్ల నోరు పడిపోను, రోజూ నూనె రాసి ఎండలో కూర్చోబెట్టేది. పెద్దయ్యాక అత్తే కూర్చునేది. చల్లపల్లి దగ్గర మా కళ్లంలో మినుములు ఎండబోసి అందరూ నీడకు పోతే, ఆమె మాత్రం తలమీద కొంగైనా కప్పుకోకుండా కాపలా ఉండేది.

ఒక వేసవిలో నేను వెళ్తే చేతులు చాపి చూపించింది. ముంజేతుల నిండా గరుకుగా పొలుసులు లేచిన గోధుమరంగు మచ్చలు. వాటిని బొటనవేలితో నిమురుతూ, "చూడవే, ఇన్నాళ్లకి రంగు పడతంది," అని మురిసిపోయింది.

నాకు భయమేసి బెజవాడ తీసుకెళ్లాను. చర్మం డాక్టరుగారు చూసి, "ఇది రంగు కాదమ్మా. ఎండకు చర్మం పాడైంది. వదిలేస్తే ఈ మచ్చలు క్యాన్సర్ కావచ్చు. చెవి మీద ఉన్న మచ్చ ఇప్పటికే మారినట్టుంది, ముక్క తీసి పరీక్షకు పంపాలి. మిగతావి మందు పెట్టి రాల్చేస్తాం," అన్నారు.

అత్త చెవి సంగతి అడగలేదు. చేతులు రెండూ కొంగు కిందకు లాక్కుంది.

"ఇవి రాల్చేస్తే మళ్లీ తెల్లగా అయిపోతానాండీ?"