చీమలు తాకని ముక్క

ముందు చప్పుడు వినిపిస్తుంది. సముద్రపు ద్రాక్ష పొదల వెనకాల కత్తి వీపుతో పొలుసు గీకే చప్పుడు. ఎండిన కొబ్బరిమట్టని ఎవరో ఇసుకలో ఈడ్చుకుపోతున్నట్టు ఉంటుంది. కాసేపు ఆగి మళ్ళీ మొదలవుతుంది. దారిన పోయేవాళ్ళు అది విని, ఇవాళ ఐస్లిన్ దగ్గర చేప ఉందనుకుని చెప్పులు చేతిలో పట్టుకుంటారు. ఆ తర్వాతే ఐస్లిన్ గంబ్స్ కనిపిస్తుంది. పొట్టి మనిషి, మోచేతుల దాకా వెండి పొలుసులు, తలకి కట్టిన పసుపు గుడ్డ.

కరీబియన్ దీవి అంగ్విల్లా ఉత్తరపు ఒడ్డున ఆ రేకుల పాక వాళ్ళమ్మ వేసింది. ఇసుకే నేల. తినేవాళ్ళు పాదాలు ఇసుకలో పాతుకుని కూర్చుంటారు. బొగ్గుల మీద చేప, పక్కన పచ్చికందుల అన్నం, నూనెలో వేయించిన జానీకేకులనే పిండి రొట్టెలు. సాయంత్రం ఎండ పళ్ళేలలోకి వాలి, తింటున్నవాళ్ళ వేళ్ళని కూడా వేయించిన రంగులోకి మారుస్తుంది.

అమ్మ ఆమెకి పాకతో పాటు ఒక భయాన్నీ ఇచ్చింది. రాతి దిబ్బల దగ్గర తిరిగే పెద్ద చేపల్లో ఒక్కోసారి విషం ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, నిప్పు దాన్ని చంపదు. అందుకని పెద్ద చేపని కోసినప్పుడల్లా కార్జంలోంచి ఒక ముక్క తీసి పాక వెనక రాయి మీద పెట్టాలి. చీమలు వచ్చి తింటే చేప బొగ్గుల మీదికి వెళ్తుంది. చీమలు తప్పుకుని పోతే చేప మళ్ళీ సముద్రంలోకి.

పడవ పందేలు జరిగిన ఆదివారం అది. ఒడ్డంతా జనం. ఐస్లిన్ పొద్దుటి నుంచీ రమ్ములో కలపడానికి బెల్లం రంగు చక్కెర పాకం కాస్తూనే ఉంది. పిన్ని కొడుకు ఎల్వెట్ భుజాన పెద్ద పార చేపని వేసుకుని వచ్చాడు. దాని తోక అతని మోకాలిని కొడుతోంది.

"ఎక్కడ పట్టావురా?"

"సముద్రంలో."

"ఎల్వెట్."

"గాడిదరాయికి ఇవతలే అక్కా. అవతలికి నేనెందుకెళ్తాను? నాకు పెళ్ళాం ఉంది. ఆవిడకి నా మీద ఇంకా కాస్త ఇష్టం ఉంది."

"ఇష్టం నువ్వు తెచ్చే చేప మీద. నీ మీద కాదు."

నీళ్ళలోంచి పొడుచుకొచ్చిన ఆ గాడిదరాయికి అవతల విషముందని, అక్కడ పట్టిన చేపని ఆ ఒడ్డున ఎవరూ తినరు. అవతలికీ ఇవతలికీ మధ్య నీళ్ళలో గోడేమీ లేదని మాత్రం ఎవరూ పైకి అనరు.

వెనక రాయి మీద ఎవరో తడి తువ్వాలు ఆరేశారు. ఐస్లిన్ చేతికందిన పళ్ళెంలో కార్జం ముక్క పెట్టి రాయి పక్కన ఉంచింది. నిప్పు రాజేసి వచ్చేసరికి పళ్ళెం చుట్టూ చీమలు నల్లగా ముసిరి ఉన్నాయి. ఆమె చేపని బొగ్గుల మీదికి ఎక్కించింది.

చేప తల కెప్టెన్ అథెల్‌స్టన్‌కి వెళ్ళింది. ఒకప్పుడు పందెం పడవలకి చుక్కాని పట్టిన మనిషి, ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు. ఒడ్డున పెద్ద చేప ఎవరు వండినా తల ఆయనదే.

"కళ్ళు వదిలేయకండి కెప్టెన్."

"వాటినే ముందు తిన్నాను. నన్ను చూస్తూ ఉంటే మిగతాది ఎలా తినను?"

బల్లలన్నీ నిండాయి, ఖాళీ అయ్యాయి, మళ్ళీ నిండాయి. కాస్త తెరిపి దొరికినప్పుడు ఐస్లిన్ ఆ పళ్ళెం కడుగుదామని వెనక్కి వెళ్ళింది. చీమలు ఇంకా ఉన్నాయి. కార్జం ముక్క కూడా ఉంది. అంచు చెదరలేదు. ఒక్క చీమా దాని మీదికి ఎక్కలేదు. ఆమె దాన్ని వేలితో పక్కకి జరిపింది. కింద, చుట్టూ, జిగురుగా మెరుస్తూ చక్కెర పాకం. పొద్దున గరిటె ఆనించిన పళ్ళెం అది.

చీమలు పాకం కోసం వచ్చాయి. ముక్కని తప్పించుకుని, ఒక దీవి చుట్టూ తిరిగే పడవల్లా తిరుగుతున్నాయి.

ఒడ్డున పాట మోగుతూనే ఉంది. ఐస్లిన్‌కి మాత్రం అందరూ నములుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. అన్ని నోళ్ళూ కలిసి ఒకే నోరైనట్టు. ఎల్వెట్‌ని పిలిచి పళ్ళెం చూపించింది. అతని ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"నిజం చెప్పు. ఇవతలేనా?"

"ఇవతలే. కానీ అక్కా, గాలం వేసినప్పుడు ఇవతల. చేప లాక్కుంటూ తిరిగింది. ఎక్కడ పైకి తీశానో..." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఊరుకో. ఏమీ కాకపోతే? చెప్పావంటే రేపు నీ పాకలోకి కుక్క కూడా రాదు."

"ఏమైనా అయితే?"

పాట మోగుతున్న పెట్టె దగ్గరికి ఐస్లిన్ నడిచింది. ఆమె పాట ఆపేసింది.

"తినడం ఆపండి. ఈ చేప మంచిది కాకపోవచ్చు. తప్పు నాదే."

ముందు నవ్వారు. "ఉప్పు తక్కువైందని ఇప్పుడు ఒప్పుకుంటున్నావా ఐస్లిన్?" అన్నాడొకడు. తర్వాత ఆమె ముఖం చూశారు. పడవల్లో వచ్చిన కొత్తవాళ్ళు లేచి మాట్లాడకుండా ఆసుపత్రి వైపు వెళ్ళిపోయారు. ఊరివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే కూర్చున్నారు. ఆసుపత్రిలో దీనికి మందు లేదని వాళ్ళకి తెలుసు. చేయగలిగింది చూస్తూ ఉండటమే.

వండేవాళ్ళు చివర తింటారు. ఆ ఒడ్డున ఆ పూట ఆ చేప చేరని కడుపు ఆమెదొక్కటే. ఆ సంగతి సిగ్గులా తగిలి, ఆమె పళ్ళెంలో మిగిలిన ముక్క అందుకోబోయింది.

"అది కింద పడెయ్," అన్నాడు కెప్టెన్. "నువ్వు కూడా పడిపోతే మాకు నీళ్ళెవరిస్తారు? వెళ్ళి చల్లటి బీరు పట్రా."

ఆయన ఎందుకు అడిగాడో అందరికీ తెలుసు. ఆ విషం ఎక్కినవాళ్ళకి చల్లనిది నిప్పులా తగులుతుంది. సీసా తీసుకుని ఆయన వేళ్ళు దాని మీద తీరిగ్గా పరిచాడు. ఐస్లిన్ ఆ వేళ్ళ వంకే చూస్తూ ఇసుకలో కూర్చుంది.

"బాగుంది," అన్నాడు. "చల్లగా ఉంది."

నీడలు సాగాయి. ఎవరో కడుపు పట్టుకుని పొదల్లోకి పరిగెత్తారు. ఇంకొకరు. ఎల్వెట్ పెదాలు రుద్దుకుంటూ తిమ్మిరిగా ఉందన్నాడు. సముద్రం ఏమీ ఎరగనట్టు గులాబీ రంగులోకి తిరిగింది. ఐస్లిన్ మరో సీసా తెచ్చి కెప్టెన్ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేసి అరచేయి చూసుకున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు నెమ్మదిగా, "దీన్ని పొయ్యి మీద పెట్టావా ఏం?"

అప్పుడు ఆమె ఏడవలేదు. ఆయన్ని వీపు మీద ఎక్కించుకుని, ఆసుపత్రికి వెళ్ళే బండి కోసం రోడ్డు దాకా మోసింది. చెవి పక్కన ఆయన ఊపిరి విడతలు విడతలుగా తగులుతోంది. ఒక్కో విడత తర్వాత ఇంకొకటి వస్తుందో రాదో అని ఆగి వింది.

మిగతావాళ్ళు కొద్ది రోజుల్లో తేరుకున్నారు. తల తిన్న మనిషికి విషం ఎక్కువ. కెప్టెన్ గుండె చాలా రోజులు చుక్కాని లేని పడవలా కొట్టుకుని, చివరికి నిలబడింది. వానలు వచ్చి వెళ్ళేదాకా ఆయన చల్లటి నీళ్ళు తాకలేకపోయాడు. ఐస్లిన్ రోజూ గోరువెచ్చని నీళ్ళు మోసుకెళ్ళి ఆయన కాళ్ళు కడిగేది. "ఇన్నాళ్ళూ నన్ను ఒక్కతీ ఇలా చూసుకోలేదు, ముందే నాకు విషం పెట్టాల్సింది," అనేవాడాయన.

పాక మళ్ళీ తెరిచింది. జనం వచ్చారు, మునుపటంత కాదు. ఇప్పుడు రాయి మీద ముక్క పెట్టదు. పెద్ద చేప వస్తే పొద్దున్నే ఒక ముక్క కాల్చుకుని తనే తింటుంది. సాయంత్రం దాకా ఎవరికీ పెట్టదు. మధ్యలో మంచుగడ్డని గుప్పిట్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడుతుంది.

ఇది రాయడానికి ముందు నేను చివరిసారి అక్కడికి వెళ్ళినప్పుడు బొగ్గుల మీద పార చేప ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. నాకు ఆకలిగా ఉంది, పళ్ళెం జరుపుతూ ఒక ముక్క పెట్టమని అడిగితే ఆమె తన చేయి దానికి అడ్డం పెట్టింది.

"ఇంకాసేపు ఆగు నాయనా. నేను తిన్నాను. నాకింకా ఏమీ కాలేదు."