మూడో రింగు

టెలిఫోన్లు బిగించే పనిలో నేను పదిహేనేళ్లు ఉన్నాను. విశాఖపట్నంలో ఒక డీలరు దగ్గర ఉద్యోగం. ఆఫీసుల్లో గోడకు తగిలించే ఎక్స్ఛేంజి పెట్టెలు ఉంటాయి కదా, బయటి లైన్లు రెండో మూడో తీసుకుని లోపలి ఫోన్లన్నిటికీ పంచుతాయి, అవే మా సరుకు. ఏ పెట్టె ఎక్కడ పెట్టానో అడిగితే ఇప్పుడు సగం చెప్పలేను. ఒక్కదాన్ని మాత్రం మరిచిపోదామన్నా కుదరలేదు.

అది గూడెం కొత్తవీధి దాటి లోపలికి పోయే దారిలో, కాఫీ గింజలు కొని ఆరబెట్టి పంపే ఒక సంస్థ ఆఫీసులో ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మంచి వానల్లో, పెట్టె లోపల బిగించే రెండు కార్డులు చేతికిచ్చి నన్ను అక్కడికి పంపారు. ఒకటి సీరియల్ కార్డు. ఏ లైను మీద ఎన్ని గంటలకు ఫోను వచ్చిందో, ఎవరు ఎత్తారో, ఎంతసేపు నడిచిందో ప్రింటరుకు పంపి అచ్చు వేయిస్తుంది. రెండోది మోడెం కార్డు. అది ఉంటే విశాఖలో కూర్చుని ఫోను చేసి, పెట్టె లోపలి సెట్టింగులు అక్కడినుంచే మార్చుకోవచ్చు. ఇక నాబోటివాడు ఘాటు రోడ్డు ఎక్కనక్కర్లేదన్న మాట. నా పొట్ట మీద నేనే కొట్టుకోవడానికి పోతున్నానని నవ్వుకుంటూ బస్సెక్కాను.

అక్కడి ఆపరేటరు నలభై దాటిన ఆవిడ. కొండ మీది ఊళ్ల మనిషే, ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివింది. అంతకుముందు రిపేర్లకు వెళ్లినప్పుడల్లా ఆవిడే టీ తెప్పించేది. నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ బాబూ అనేది. ఆ రోజు నేను పెట్టె మూత విప్పుతుంటే కూతురి కబుర్లు మొదలుపెట్టింది. తొలి కాన్పు, ఇవాళో రేపో అన్నట్టుంది. కూతుర్ని ఇచ్చిన ఊరికి రోడ్డు లేదు. కొండ దిగితే సంత జరిగే ఊళ్లో ఒక ఫోను బూత్ ఉంది. నొప్పులు మొదలవగానే అల్లుడు దిగివచ్చి ఫోను చేయాలి, ఆఫీసు జీపు రోడ్డు చివరిదాకా వెళ్లాలి, డోలీలో దించిన పిల్లను ఎక్కించుకుని ఆస్పత్రికి పోవాలి. మేనేజరు ఒప్పుకున్నాడట. అల్లుడి చేత నంబరు బట్టీ పట్టించిందట.

"జీపెల్తే సాలు బాబూ, గంటలో మా గుంట ఆస్పత్రిలో ఉంటాది," అంది.

నేను ఊఁ కొడుతూ స్క్రూలు తిప్పుతున్నాను. మాట చెవిలో పడింది, అంతే.

ఆ ఆఫీసుకు రెండు లైన్లు. మొదటిదాంట్లో ఎప్పుడూ గరగర, వానాకాలం అసలే పలకదు. రెండోది శుభ్రంగా ఉండేది. మోడెంకు గరగర పనికిరాదు, మాట మధ్యలోనే తెగిపోతుంది. అందుకని రెండో లైను మీద పెట్టనా అని మేనేజరు గదిలోకి వెళ్లి అడిగాను. ఆయన లెటర్‌హెడ్ తీసి చూపించాడు. దాని మీద మొదటి నంబరే ఉంది. రెండోది ఎవరికీ తెలియదు, వాడుకోమన్నాడు. ఆయనా నాలాగే కింది జిల్లాల మనిషి. కాగితం మీద లేని నంబరు లోకానికి లేనట్టే అనుకున్నాం ఇద్దరం. కొండ మీది ఊళ్లన్నిటికీ ఆ నోటా ఈ నోటా తెలిసిందల్లా ఆ రెండో నంబరే, ఎందుకంటే పలికేది అదొక్కటే. ఆ సంగతి తెలిసిన మనిషి పక్కగదిలో కూర్చుని ఉంది. ఆవిణ్ణి అడగాలని నాకు తోచలేదు. మా పనిలో మేనేజరును అడుగుతారు, ఆపరేటరుకు చెబుతారు.

ఇంకొకటి కూడా ఉంది, అది కళ్లారా చూశాను. ఫోను మోగితే ఆవిడ వెంటనే ఎత్తేది కాదు. వేలితో బల్ల మీద కొడుతూ ఒకటి, రెండు అని లెక్కపెట్టి మూడో రింగుకు ఎత్తేది. చెట్ల మధ్య వేలాడే తీగలు గాలికి ఒకదానికొకటి తగిలినా, మెరుపు మెరిసినా ఫోను ఉత్తినే ఒకటి రెండుసార్లు మోగి ఊరుకుంటుందట. మూడోసారి మోగితేనే మనిషట. ఆ కొండల్లో ఫోను దగ్గర కూర్చునే వాళ్లందరిదీ ఇదే పద్ధతి. సర్కారు ఆఫీసరులా బెట్టు చేస్తున్నావేం అక్కా అని ఆటపట్టించాను కూడా.

ఆటపట్టించి, పెట్టె వైపు తిరిగి, మోడెంను రెండో రింగుకు ఎత్తేలా పెట్టాను. కంపెనీ పుస్తకంలో అలాగే ఉంది. కుర్చీలో ఆపరేటరు ఉంటే మొదటి రింగుకే ఎత్తుతుంది, లేకపోతే ఎవరి ఫోనైనా మోడెమే ఎత్తుకుంటుంది అన్నది వాళ్ల లెక్క. పుస్తకం రాసినవాడు ఆ కొండ ఎక్కలేదు. నేను ఎక్కి, చూసి, పక్కనే కూర్చుని టీ తాగి కూడా అదే చేశాను. పని తెలిసినవాణ్ణన్న పొగరు తప్ప ఇంకేం కాదు.

సాయంత్రం విశాఖకు ఫోను చేసి పరీక్ష చేయించాను, అంతా బాగుందన్నారు. మర్నాడు బస్సెక్కే ముందు ఆవిడకు ఒక్క మాట చెప్పాను. నీ ఫోను మీద రెండో లైను దీపం దానంతటదే వెలిగితే విశాఖవాళ్లు మిషనుతో మాట్లాడుతున్నట్టు, ఆరిపోయేదాకా ముట్టుకోవద్దు అన్నాను. ఆవిడ బుద్ధిగా తలూపింది.

పదిరోజుల తర్వాత, రెండో లైనుకు ఫోన్లే రావడం లేదని ఆపరేటరు అంటోందంటూ మేనేజరు కబురు చేస్తే మళ్లీ వెళ్లాను. ఆవిడ కూతురు పోయిందని వరండాలోనే చెప్పాడు. జీపు కోసం ఎదురుచూసి, చూసి, చివరికి డోలీలో నడకనే బయలుదేరారట. దారిలో బిడ్డ అడ్డం తిరిగింది. ఇద్దరూ దక్కలేదు. అల్లుడు ఫోను చేశానని, జీపు పంపమని అరిచానని ఏడుస్తున్నాడు, ఇక్కడికి రాలేదు, లైను చచ్చి ఉంటుంది చూడు అన్నాడు.

లోపల ఆవిడ కుర్చీలోనే ఉంది. నన్ను చూసి సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. ఆ రోజు ప్రింటరు వేసిన కాగితం, నాలుగు మడతలు పెట్టి దాచింది. రెండో లైను, పట్టపగలు, అరగంటలో ఆరు ఫోన్లు. ఒక్కొక్కటి పదిహేను సెకన్లో ఇరవయ్యో. అన్నీ ఎత్తినట్టే ఉంది. ఎత్తినవారి గడిలో మోడెం నంబరు. నేను పెట్టిన ఒక కార్డు చేసినదాన్ని నేను పెట్టిన రెండో కార్డు అచ్చు వేసి ఇచ్చింది.

"దీపం ఎలిగింది బాబూ," అంది. "ఆరుసార్లు ఎలిగింది. ముట్టుకోవద్దన్నావు కదా, సూత్తా కూకున్నాను."

ఎత్తింది మిషనని చెప్పాను. రెండో రింగుకు ఎత్తేలా పెట్టింది నేనేనని కూడా చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు. ఆవిడ కోప్పడుతుందని, కాగితం మొహాన కొడుతుందని చూశాను. అలా చేసినా బాగుండేది.

"ఆడికేటి సెప్పింది మిషను?" అని అడిగింది.

ఏమీ చెప్పలేదక్కా, కీచుమని అరిచిందంతే అన్నాను. ఆవిడ కాగితం తీసుకుని మళ్లీ అవే మడతల మీద మడిచి సొరుగులో పెట్టుకుంది.

మోడెం కార్డు తీసేస్తానంటే విశాఖవాళ్లు ఒప్పుకోలేదు. రింగుల సంఖ్య పెంచితే సరిపోతుందన్నారు. రెండు తీసి ఎనిమిది పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు.

మూత బిగిస్తుండగానే రెండో లైను మోగింది. బయట గాలి వీస్తోంది. ఆవిడ వేలు బల్ల మీదికి పోలేదు. మొదటి రింగుకే ఎత్తేసింది. అవతల ఎవరూ లేరు. అయినా చాలాసేపు చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత మరో నాలుగైదుసార్లు ఆ ఆఫీసుకు వెళ్లవలసి వచ్చింది. ఆవిడ లెక్కపెట్టడం మళ్లీ చూడలేదు. వానాకాలమంతా ఆ ఫోను ఉత్తినే మోగుతూనే ఉండేది, ఆవిడ ప్రతిసారీ ఎత్తుతూనే ఉండేది. హలో అనడం కూడా మానేసింది. ఎత్తగానే, "జీపు పంపమంటారా?" అనేది.