కేబుల్ తరఫు మనిషి

స్టామెన్ బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: బస్సెక్కి వెళ్ళి కళ్ళారా చూసుకుంటే తప్ప ఏ దారినీ నమ్మడు.

దారంటే మనుషులు నడిచేది కాదు. కొండ ఊరు స్మోల్యాన్‌లోని టెలిఫోను ఆఫీసులో కూర్చుని, ఫోను పిలుపులాంటి సమాచారానికి చీటీ అంటించి, అది ఏయే కూడళ్ళ మీదుగా పోవాలో ముందే రాసిపెట్టే దారి. అందుకు కుర్చీ, కంప్యూటరు చాలు. బాబాయ్‌కి మాత్రం బూట్లూ గొడుగూ కూడా కావాలి.

"దారి మిషనే వెతుక్కుంటుంది కద బాబాయ్," అనేది పక్క కుర్చీలో ఇంజనీరు రలిత్సా.

"మిషనుకి పాదాలున్నాయా తల్లీ?"

ఒకసారి కేబుల్ వెంట నడుస్తూ నడుస్తూ ఎవరిదో పెళ్ళివిందులో తేలాడు. ఎవరి తరఫని అడిగితే "కేబుల్ తరఫు" అన్నాడట. కడుపునిండా పెట్టి మరీ పంపారు.

ఆ మంగళవారం మధ్యాహ్నం నది పొంగింది. బెలీ దోల్ లోయ నుంచి అంబులెన్సుకి వచ్చే పిలుపులన్నీ నడిచే దారి తెగింది. అది రలిత్సా రాసినదే.

"భయం లేదు, రెండోది పెట్టాను," అంది.

కంప్యూటరు తెర మీద రెండోదీ ఎర్రబడింది. అంతలో లైన్‌మన్ ఫోను చేశాడు: "రాతి వంతెన కొట్టుకుపోయిందమ్మా. రెండు కేబుళ్ళూ దాని కిందే ఉన్నాయి."

పటంలో రెండు గీతలు. నేల మీద ఒకటే వంతెన. రలిత్సాకి ప్రార్థన చేద్దామంటే మొదటి మాటే గుర్తురాలేదు. లోయలో ఇప్పుడు ఎవరైనా ఫోనెత్తితే?

తెర మీద ఒక గీత పచ్చబడింది. కొండ వెనక నుంచి, నాలుగు కూడళ్ళు చుట్టి వచ్చే మూడో దారి. నిమిషం తిరక్కుండా పిలుపు మోగింది. తాతకి ఊపిరాడటం లేదని ఎవరో అమ్మాయి. అంబులెన్సు కదిలింది.

మూడోది రలిత్సా పెట్టలేదు. వివరాలు తీసింది. పోయిన నెల, ఆదివారం, పేరు స్టామెన్.

"సెలవు రోజున నా దారి చూడ్డానికి వెళ్ళావా బాబాయ్?"

"నీదే కాదు, అందరివీ చూస్తాను. నావెందుకు, ఎక్కడ తప్పు రాశానో నాకు తెలుసుగా."

"రెండూ ఒకే వంతెన కింద ఉన్నాయని నాకు చెప్పొచ్చుగా మరి?"

"చెబితే నీకు నిద్ర పట్టదని, వానలు తగ్గాక చెబుదామనుకున్నా."

అంతలో ఆఫీసు చీఫ్ దోబ్రెవ్ వచ్చాడు. "ఆ మూడో దారి ఎవరి పని?"

"రలిత్సా చెప్పింది, నేను టైపు చేశాను," అన్నాడు బాబాయ్, తల ఎత్తకుండా.

"అబద్ధం సార్. నాకసలు తెలీదు. నేను తప్పు రాశాను."

"తెలుసమ్మా," అన్నాడు దోబ్రెవ్, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నేను కొత్తగా చేరినప్పుడు నా గురించీ ఇదే అబద్ధం చెప్పాడు. అప్పటి చీఫ్ నమ్మి నాకు జీతం కూడా పెంచాడు."